ర్యాలి స్వామి వెనుక వైపు

వేసవి సెలవులకు వచ్చిన మా మనుమరాలు తిరిగి వెళ్తూ ఒక ఇంగ్లీషు నవలను నా బల్ల మీద మరచిపోయింది. మరచిపోయిందో, కావాలనే వదలిపోయిందో చెప్పలేను. తెలుగు పండితుడికి ఇంగ్లీషు నవలతో ఏం పని అని నవ్వకండి. ఉద్యోగ విరమణ తరువాత మధ్యాహ్నాలు చాలా పొడుగు. నిఘంటువు పక్కన పెట్టుకొని పన్నెండు రోజులలో పూర్తిచేశాను.

నవల పేరు 'ది కొరింథియన్'. వ్రాసినది జార్జెట్ హేయర్ అనే ఆవిడ, 1940లో. కథాకాలం మాత్రం అంతకు నూట పాతికేళ్ళ పైమాట. మూడవ జార్జి రాజుకు మతి చలిస్తే ఆయన కుమారుడు 1811 నుంచి 1820 వరకు రాజప్రతినిధిగా ఏలాడు. ఇంగ్లీషువారు దానిని రీజెన్సీ కాలమంటారు. జేన్ ఆస్టెన్ నవలలు అచ్చయినది కూడా ఆ సంవత్సరాలలోనే. ఇక కథ. పెనెలొపి అనే పిల్ల, తనకు ఇష్టం లేని పెళ్ళి తప్పించుకోవడానికి మగపిల్లవాడి దుస్తులు తొడుక్కొని అర్ధరాత్రి కిటికీలో నుంచి దుప్పట్లు పట్టుకొని దిగుతుంది. తనకూ ఇష్టం లేని పెళ్ళి తెల్లవారితే నిశ్చయం కావలసిన రిచర్డ్ అనే దొర, బాగా తాగి, సరిగ్గా ఆ కిటికీ కిందుగా పోతూ ఉంటాడు. అక్కడి నుంచి అంతా మారువేషమే. ఒకరిని చూసి ఒకరనుకోవడమే.

చదువుతున్నంతసేపూ నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే, "ఇది మన సరుకే కదా" అని కూడా అనుకున్నాను. పండితులకు ఉండే జబ్బు అది, మన్నించండి. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన చేసిన పని చూడండి. 'కళాపూర్ణోదయం'లో కలభాషిణి నలకూబరుని మీది మోహంతో రంభ రూపం ధరిస్తుంది. మణికంధరుడు రంభ కోసం నలకూబరుని రూపం ధరిస్తాడు. ఆ మాయారంభ, ఈ మాయానలకూబరుడు కలుసుకొని, ఎదుటివారు నిజమని ఇద్దరూ నమ్ముతారు. ఆ తరువాత అసలు రంభ వచ్చి మాయారంభతో తగవు పడుతుంది. ఈ ఘట్టం చెప్పేటప్పుడు తరగతిలో నల్లబల్ల మీద నాలుగు గడులు గీసి, ఎవరు ఎవరో వ్రాసి చూపితే తప్ప పిల్లలకు అందేది కాదు. నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళూ నాకూ అందలేదు.

అంత దూరం అక్కరలేదనుకుంటే 1955 నాటి 'మిస్సమ్మ' ఉంది. ఉద్యోగం కోసం, కాని మొగుడూపెళ్ళాలు మొగుడూపెళ్ళాలుగా నటించే ఇద్దరు పంతుళ్ళ కథ. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాకు ఆ చిత్రం ఇంటి ఆల్బము వంటిది.

అయితే నాకు ఈ విషయంలో గురుపీఠం సినిమా కాదు, కావ్యమూ కాదు. మా కోనసీమలోనే ఉన్న ర్యాలి.

చూడనివారి కోసం నాలుగు మాటలు. ఆత్రేయపురం మండలంలో, వశిష్ఠ గౌతమీ పాయల నడుమ ఉన్న ఊరు. పూతరేకుల ఆత్రేయపురమే, ఇటు రావులపాలెం, కొత్తపేటలు కూడా దగ్గరే. అక్కడ వెలసినవాడు జగన్మోహినీ కేశవస్వామి. నల్లని ఏకశిల. ముందుకు వెళ్ళి చూస్తే శంఖచక్రాలతో విష్ణుమూర్తి. వెనుకకు వెళ్ళి చూస్తే మోహిని. అదే రాయి, అదే నిలుపు. కాని వెనుక స్త్రీమూర్తి, ముడిచిన కొప్పుతో సహా. అర్చకస్వామి దీపం దగ్గరగా పట్టి, ఒక్కొక్కటే చూపుతూ వివరిస్తాడు. పాదాల చెంత నిత్యమూ నీరు ఊరుతూ ఉంటుందని కూడా చెప్పి, తాకి చూపుతాడు.

అమృతం పంచిన మోహిని కథ అందరికీ తెలిసినదే. ఆ తరువాత జరిగినదే ర్యాలి కథ. అసురులను మోసగించిన ఆ రూపాన్ని తానూ చూడాలని పరమేశ్వరుడు ముచ్చటపడి, పార్వతీసమేతంగా వెళ్ళి అడిగి మరీ చూశాడని భాగవతం అష్టమ స్కంధం. ఎవరో తెలుసు, వేషమని తెలుసు, అడిగినది తానే. అయినా ఒళ్ళు మరచి వెంటపడ్డాడు. మోహిని పరుగెత్తుతుంటే ఆమె కొప్పులోని పువ్వొకటి ఇక్కడ రాలిందనీ, అది రాలిన చోటు గనుక ర్యాలి అయిందనీ స్థలపురాణం. శివుడు వంగి ఆ పువ్వు తీసి వాసన చూశాడట. తల ఎత్తేసరికి ఎదుట విష్ణుమూర్తి. ఇందులో వ్యుత్పత్తి సంగతి నన్ను అడగకండి. గుడికి వెళ్ళినప్పుడు నేను వ్యాకరణం చెప్పులతోపాటు బయటే విడుస్తాను.

ఉద్యోగులలో ఈ స్వామిని గురించి ఇంకొక నమ్మకం ఉంది. మొక్కుకుంటే కోరిన చోటికి బదిలీ అవుతుందని. 1996లో నేనూ ఆ పని మీదనే, మా ఆవిడతో కలిసి వెళ్ళాను. కాని అక్కడ నాకు తెలిసినది వేరు. అది చెప్పాలంటే పదమూడేళ్ళు వెనుకకు వెళ్ళాలి.

1983 వేసవి. రాజోలు దగ్గర ఒక పల్లెకు పెళ్ళిచూపులకు బయలుదేరాను. మా నాన్నగారికి జ్వరం. తోడుగా నా మిత్రుడొకడు వచ్చాడు. బ్యాంకు ఉద్యోగి. పచ్చని ఛాయ, ఇస్త్రీ ప్యాంటు, చేతికి గడియారం. నేను చామనచాయ దాటినవాణ్ణి; పంచె, ఉత్తరీయం, చంకలో గొడుగు. బస్సు దిగి కాలువగట్టు వెంట నడిచి వెళ్ళేసరికి గుమ్మంలో ఎదురుచూస్తున్న పెద్దాయన తిన్నగా వచ్చి మా మిత్రుని చేతులు పట్టుకున్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి చెంబు ముందు అతనికే అందించారు. కుర్చీ అతనికి, నాకు అరుగు మీద చాప. నన్ను పురోహితుడనుకున్నారు.

ఆ క్షణంలోనే చెప్పి ఉండవలసినది. మొదట మొగమాటం అడ్డొచ్చింది. తరువాత, దాచడమెందుకు, తమాషాగా తోచింది. మిత్రుడు కంగారుగా నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే ఊరుకోమన్నాను. పెద్దాయన నా పక్కన చేరి గొంతు తగ్గించి, "పంతులుగారూ, పిల్లవాడి గుణగణాలు మీకు బాగా తెలుసునా?" అని అడిగాడు. "చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. బంగారం వంటివాడు. కొంచెం మొండి" అన్నాను. అంతకంటె నిష్పక్షపాతంగా నన్ను గురించి నేను ఏనాడూ మాట్లాడలేదు.

అమ్మాయి వచ్చి కూర్చుంది. ఒకసారి తల ఎత్తి కుర్చీ వైపు చూసింది. లోపలికి వెళ్ళింది. తలుపు వెనుక గుసగుసలు. పెద్దాయన నవ్వుతూ వచ్చి, "మా పిల్ల సరే అన్నది" అన్నాడు, మా మిత్రునితో.

అప్పుడు తెలిసింది నాకు, ఆట ఎంత దూరం పోయిందో. లేచి నిలబడి, తడబడుతూ నిజం చెప్పాను. పెద్దాయన ముఖం ఎర్రబడింది. మా మిత్రుడు చెప్పులు వెదుక్కున్నాడు. చేతిలో ఉన్న కాఫీ నా పంచె మీద ఒలికింది. లోపల నుంచి ఎవరో పకాలున నవ్విన శబ్దం. వచ్చిన దారినే, కాలువగట్టు వెంట, ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా నడిచాము. వారం తిరిగేసరికి సంబంధం ఖాయమని ఉత్తరం వచ్చింది. శ్రావణంలో పెళ్ళి.

అందరూ దీనిని హాస్యకథగానే చెప్పుకొన్నారు. ప్రతి శుభకార్యంలోనూ ఎవరో ఒకరు నా చేత చెప్పించేవారు. నేనూ అభినయించి చెప్పేవాణ్ణి. కాని లోపల ఒక ముల్లు ఉండేది. ఆవిడ సరే అన్నది కుర్చీలోని మనిషిని చూసి. చాప మీది మనిషికి వచ్చినది పెద్దల పరువు కోసం నిలబెట్టిన మాట. ఆ మిత్రుడు మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ నేను అవసరానికి మించి నవ్వేవాణ్ణి. పదమూడేళ్ళు ఆ మాట అడగలేదు.

ర్యాలిలో అడిగాను. స్వామిని ముందు, వెనుక చూసి వచ్చి మండపంలో కూర్చున్నాము. ఎదురుగా ఉమాకమండలేశ్వరుని గుడి. రెండు గుళ్ళూ ఒకదానికొకటి అభిముఖంగా ఉంటాయి. ఏమి ధైర్యం వచ్చిందో, "ఆ రోజు నువ్వు సరే అన్నది నన్ను కాదు కదా" అన్నాను.

ఆవిడ ప్రసాదం ఆకు మడుస్తూ, "కాదు" అంది. "ఆయననే. బాగున్నాడని అనుకున్నాను. అబద్ధమెందుకు?"

నాకు నోట మాట రాలేదు.

"మీరు వెళ్ళాక మా నాన్నగారు ఈ సంబంధం వద్దన్నారు. పరాచికాలాడే మనిషికి పిల్లనివ్వనన్నారు. మా నాయనమ్మ మాత్రం, ఇప్పుడు దాన్ని మళ్ళీ అడగండి అంది. నాలుగు రోజులు ఆలోచించుకొని మళ్ళీ సరే అన్నాను. ఆ సంగతి మీరెప్పుడూ అడగలేదు. మొదటిదే పట్టుకొని వేలాడుతున్నారు."

"నాలుగు రోజులు ఏమని ఆలోచించావు?"

"తన్ను గురించి అడిగితే మొండివాడని తానే చెప్పుకున్నాడు కదా, ఫరవాలేదనుకున్నాను."

ఎదుట గుడిలో గంట మ్రోగింది. అంతసేపూ శివుని పరుగు మీదనే ఉన్న నా దృష్టి అప్పుడు ఆ ఎదురుగుడి మీద పడింది. పువ్వు చేతిలో ఉండగా, వేషం తొలగిపోయాక, ఆయన సిగ్గుపడి కైలాసానికి వెళ్ళిపోలేదు. అక్కడే ఎదురుగా ఉండిపోయాడు. స్థలపురాణంలో అసలు కథ అదేమోనని అనిపించింది.

బదిలీ మాత్రం ఆ ఏడు రాలేదు. స్వామి పట్టీలో నా పేరు కిందుగా ఉండి ఉంటుంది.

నిన్న సాయంత్రం ఈ ఇంగ్లీషు నవల కథ మా ఆవిడకు చెప్పాను. దుప్పట్లు పట్టుకొని దిగడం దగ్గర నవ్వింది. దొర తన పరువు కాపాడటానికే పెళ్ళాడతానంటున్నాడనుకొని ఆ పిల్ల మళ్ళీ మగవేషంలోనే బండి ఎక్కి వెళ్ళిపోవడం దగ్గర మాత్రం చేతిలోని బీరకాయ పక్కన పెట్టింది.

"అయితే ఆయన వెంట వెళ్ళి మళ్ళీ అడిగాడా?"

"అడిగాడు. నడిదారిలో బండి ఆపించి, అందరి ముందూ."

"అలాగైతే మంచి పుస్తకమే" అని, మళ్ళీ బీరకాయ అందుకుంది.