చుట్టపుచూపు సేవ

సెలవులకి మా వైపు వచ్చినవాళ్లు చూడదగ్గవి చాలా ఉన్నాయి. విజయనగరంలో దిగితే కోట, పైడితల్లి గుడి, కాస్త దూరంలో రామతీర్థం. శ్రీకాకుళం వెళితే అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, ఇంకా ఓపికుంటే కళింగపట్నం సముద్రం. డిసెంబరు సెలవులకి న్యూజెర్సీ నుంచి వచ్చిన మా అక్క కూతురు ఈ పట్టికంతా శ్రద్ధగా విని, "మావయ్యా, దగ్గర్లో డాగ్ షెల్టర్ ఉందా? వలంటీరుగా పనిచేస్తాను" అంది.

మా ఎదురింటి పెద్దావిడ బుగ్గన వేలేసుకుంది. "ఏటమ్మా, కుక్కలికి నీళ్లోయడానికి ఇమానవెక్కి వచ్చినావా? మీ దేశంలో కుక్కలు నేవేటి?"

ఎందుకు లేవు, ఉన్నాయి. కానీ అక్కడి కుక్కకి ఒక యజమాని, ఒక ఇల్లు, మెడలో ఒక పట్టీ ఉంటాయి. ఊరి మీద బతికే కుక్క వాళ్లకి కొత్త. ఉష్ణమండల దేశాలు తిరగడానికి వచ్చే కుర్రకారులో కొందరు సముద్రపుటొడ్డున కాళ్లు చాపుకుని కూర్చోకుండా ఇలా షెల్టర్లో చీపురు పట్టుకోవడం ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్న అలవాటే. థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో 2003లో పుట్టిన సోయ్ డాగ్ ఫౌండేషన్‌కి అలాగే వెళతారు. 2002లో ఉదయపూర్‌లో ఒక అమెరికన్ కుటుంబం మొదలుపెట్టిన యానిమల్ ఎయిడ్ అన్‌లిమిటెడ్‌కీ అలాగే వస్తారు. ఉష్ణమండలం అంటే మనకి ఏ ఆఫ్రికా అడవో గుర్తొస్తుంది గాని, పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం మీదున్న మన విజయనగరం, శ్రీకాకుళం నిక్షేపంగా అందులోనే ఉన్నాయి. కాబట్టి మా మేనకోడలు సరైన చోటికే వచ్చింది.

మన వైపు జంతువుల సేవ అనగానే విశాఖ పేరు వస్తుంది. ప్రదీప్ కుమార్ నాథ్ 1996లో అక్కడ స్థాపించిన విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ పేరు చాలామంది వినే ఉంటారు. మేము వెళ్లింది అంత పేరు లేని ఒక చిన్న చోటికి. తోడుకని వెళ్లిన నన్ను కూడా ఖాళీగా కూర్చోనివ్వలేదు. ఒక బకెట్టు చేతికిచ్చారు.

షెల్టర్ సేవ అంటే కుక్కపిల్లని ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగడం అనుకుంటే పొద్దున్న ఏడింటికే ఆ భ్రమ వదిలిపోతుంది. ముందు గదులు కడగాలి. తరవాత గిన్నెలు తోమాలి. పెద్ద డేగిసాలో నూకలు, కోడి వ్యర్థాలు, చిటికెడు పసుపు వేసి ఉడికించాలి. అందులో ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. తిండి అయ్యాక చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు వెతికి పట్టకారుతో తియ్యాలి. మన వేడికి, తేమకి పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి, వాటితో జ్వరాలూ ఉంటాయి. ఇక పురుగులు పట్టిన పుళ్లు. మా చిన్నప్పుడు పశువులకి అలాంటి పుండు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టేవారు. ఇక్కడి కాంపౌండరుకీ ఆ సంగతి తెలుసు. "పనిచేస్తాది సార్, కానీ కంటికి తగిలితే కన్ను పోతాది" అని, మందు చల్లి, ఒక్కొక్క పురుగునీ ఓపిగ్గా తీశాడు. మా పిల్ల ఒకసారి బయటికి వెళ్లి, మొహం కడుక్కుని, మళ్లీ వచ్చి టార్చిలైటు పట్టుకుంది. ఆ పూట దాని మీద నాకు గౌరవం పెరిగింది.

అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఒక నియమం. ఏ ఒక్క కుక్కనీ రోజంతా ముద్దు చెయ్యకూడదు, అన్నిటికీ సమానంగా చెయ్యాలి. వచ్చినవాళ్లు వెళ్లిపోతారు, కుక్కకి ఆ సంగతి తెలియదు. నాలుగు రోజులు ఒకళ్ల చేతికి అలవాటుపడి, అయిదో రోజు గేటు వైపు చూస్తూ తిండి మానేస్తే ఆ సేవ ఎవరికి చేసినట్టు? అందుకని కొత్తవాళ్లకి ముందుగా ఇచ్చేవి చీపురు, గిన్నెలు, రిజిస్టరు. కడిగిన గిన్నె ఎవరు కడిగినా ఒకటే. దూరం నుంచి వచ్చినవాళ్లు చెయ్యగల మేలు అలాంటి పనుల్లోనే ఎక్కువని నాకు అక్కడే అర్థమైంది.

రిజిస్టరు మా పిల్లకి అప్పజెప్పారు. ఆపరేషన్‌కి తెచ్చిన ప్రతి కుక్కకీ అందులో ఒక వరస ఉంటుంది: ఆడా మగా, రంగు, పట్టుకున్న చోటు. ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. 2001లో కేంద్రం తెచ్చిన నియమాలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నియమాలూ చెప్పేది అదే: పట్టుకో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యి, రేబిస్ టీకా వెయ్యి, గుర్తుగా చెవి కొస కత్తిరించు, అదే వీధిలో వదిలిపెట్టు. "మళ్లీ తెచ్చి వదలడమేమిటి?" అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. కుక్కకి వీధి అంటే దాని రాజ్యం. అది కాపలా కాసినన్నాళ్లూ పక్క వీధి కుక్క లోపలికి రాదు. దాన్ని ఎత్తుకుపోతే, చెత్తకుప్ప ఎలాగూ అక్కడే ఉంటుంది కాబట్టి, ఆపరేషన్ లేని, టీకా లేని కొత్తది వచ్చి చేరుతుంది.

డిసెంబరులో షెల్టర్ నిండా కుక్కపిల్లలే ఎందుకున్నాయని మా మేనకోడలు అడిగింది. ఆ లెక్క మన రైతులకి తెలుసు. అక్టోబరు పది ప్రాంతంలో చిత్తకార్తె వస్తుంది. ఆ రోజుల్లో కుక్కల గుంపులు రోడ్లకి అడ్డంపడి తిరగడం చూసి పుట్టిన తిట్టు తెలుగునాట అందరికీ తెలిసిందే. కుక్క చూడి కాలం అరవై మూడు రోజులు అటూ ఇటూ. చిత్తకి రెండు నెలలు కలిపితే ధనుర్మాసం. అంటే సెలవులకి వచ్చే వలంటీరు కంటపడేది మూడు నెలల కిందట మనం చెయ్యని పని ఫలితం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి జాతరకి సిరిమాను ఊరేగుతుంది. ఆ జనం కోసం మున్సిపాలిటీలు రోడ్లు ఊడ్పిస్తాయి, దీపాలు కడతాయి. ఆలోగా ఆడకుక్కలకి ఆపరేషన్లు కూడా పూర్తిచేయిస్తే ధనుర్మాసంలో చలికి వణికే పిల్లలు సగానికి సగం పుట్టనే పుట్టవు.

ఇదంతా విని, కుక్కలంటే భయపడేవాళ్లని కసాయివాళ్లుగా చూడడం అన్యాయం. ఆ భయానికి కారణం ఉంది. రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషి దాదాపు దక్కడు. ప్రపంచంలో ఆ జబ్బుతో పోయేవాళ్లలో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అందులో పిల్లలు చాలామంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నవాళ్లు మా తరంలో ఇంకా ఉన్నారు. ఆ పాత మందు 2005 నాటికి పోయింది. ఇప్పుడు కరిచిన చోటుని పదిహేను నిమిషాలపాటు ధారగా నీళ్లు పోసి సబ్బుతో కడిగి, వెంటనే ఆస్పత్రికి పోతే చేతికి వేసే టీకాతో గండం గడుస్తుంది. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే ఆ చోటే వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగాలి. షెల్టర్‌కి వెళ్లేవాళ్లు ముందే టీకా వేయించుకోవడం మేలు. మా మేనకోడలు విమానం ఎక్కకముందే వేయించుకుంది. నాకు దాన్ని చూశాకే బుద్ధి వచ్చింది.

2025లో సుప్రీంకోర్టు కూడా జాలికీ ఈ భయానికీ మధ్య నలిగింది. ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల్లో వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. అదే నెల 22న పెద్ద ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషన్, టీకా అయ్యాక రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని తీసుకొచ్చిన చోటే వదలమంది. నవంబరు 7న మాత్రం బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి తీసిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలొద్దంది. ఆ న్యాయమూర్తుల ముందున్న చిక్కే మన వీధి చివర పాలప్యాకెట్టుకి వెళ్లే పిల్లాడి ముందూ ఉంది. అయితే దారి కూడా లేకపోలేదు. 2013లో మొదలైన మిషన్ రేబిస్ వాళ్లు, పలు దేశాల వలంటీర్లతో కలిసి, గోవాలో వీధివీధికీ తిరిగి వలలతో పట్టి ఏటేటా టీకాలు వేశారు. 2021లో గోవా తనని తాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకుంది. వీధిలో పదింట ఏడు కుక్కలకి టీకా పడితే జబ్బు సాగే గొలుసు తెగుతుందన్నది అక్కడ చేసి చూపించిన విషయం.

జాలికి కూడా హద్దు ఉంటుందని మా పిల్ల కళింగపట్నంలో నేర్చుకుంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరం ఇసుకలో గుడ్లు పెడతాయి. పల్లె కుక్కలు వాసన పట్టి తవ్వుకు తింటాయి. అందుకే గుడ్లని ఏరి, కంచె వేసిన చోట పొదిగిస్తారు. "ఇప్పుడు నేను ఎవరి వైపు, మావయ్యా?" అంది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే జవాబిచ్చాడు. "కుక్కకి ఒడ్డున చేపముక్క దొరికితే గుడ్ల కాడికి పోదు పాపా. గుడ్లకి కంచె ఎయ్యాల, కుక్కకి కూడెయ్యాల."

భారతం ధర్మరాజు వెంట నడిచిన కుక్కతో ముగుస్తుందని అందరికీ తెలుసు. మొదట్లో ఉన్న కుక్కని ఎవరూ తలుచుకోరు. యజ్ఞశాలలో ఏ తప్పూ చెయ్యని తన పిల్లని జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని తల్లి సరమ వచ్చి నిలదీస్తుంది. జవాబు చెప్పే దిక్కు ఉండదు. ఊహించని ఆపద వస్తుందని శపించి వెళుతుంది. చెత్త ఎత్తని మున్సిపాలిటీనీ ఆపరేషన్‌కి డబ్బు విదల్చని కౌన్సిలునీ వదిలేసి, ఎవరైనా రాయి అందుకుని కుక్క మీద విసిరినప్పుడల్లా నాకు ఆ కథే గుర్తొస్తుంది.

మా వీధిలో ఒక ఎర్ర కుక్క ఉంది. టీకొట్టు దగ్గర దాని పేరు టైగరు, గుడి దగ్గర భైరవుడు, మా గోర్జిలో ఎర్రోడు. మూడు చోట్లా తింటుంది, ఏ ఇంటిదీ కాదు. దాని చెవి మాత్రం నిండుగా ఉంది. అన్నం పెట్టే వంతు ఇన్ని ఇళ్లవాళ్లం పంచుకున్నాం, టీకా వేయించే వంతు ఎవరం తీసుకోలేదు. వచ్చి వెళ్లేవాళ్లు తమ వంతు గిన్నెలు కడిగిపోతారు, వాళ్లకి దండం. మిగిలింది ఉండిపోయేవాళ్ల పని. సెప్టెంబరులో పక్కింటివాళ్లతో కలిసి వెళ్లి మున్సిపాలిటీలో ఒక అర్జీ ఇవ్వడం, బండి వచ్చిన రోజు కుక్కకి పేరుపెట్టి పిలిచి మచ్చిక చేసి ఎక్కించడం, తిరిగొచ్చాక నాలుగు రోజులు కుట్లు చూడడం. ఇందుకు విమానం అక్కర్లేదు, చిత్తకార్తె ఎప్పుడొస్తుందో చెప్పే పంచాంగం చాలు.