కోర్ ఎక్కడిదాకా?

జూన్ 3
కొత్త మెషీన్‌లో డెబియన్ 12 లైనక్స్ ఎక్కించాను. సోర్సెస్ ఫైల్ తెరిస్తే వరస చివర రెండు మాటలు: మెయిన్, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్. రెండోది 2023లో ఈ వెర్షన్‌తోనే వచ్చింది. అంతకుముందు వైఫై చిప్ ఫర్మ్‌వేర్ ఒక్కటి కావాలన్నా నాన్-ఫ్రీ విభాగం మొత్తానికీ తలుపు తీయాల్సి వచ్చేది. 2022లో డెవలపర్లు ఓటు వేసుకుని మరీ దారి మార్చారు. ఆ ఓటు అంటే నాకు గౌరవం.

జూన్ 5
డెబియన్‌లో ప్యాకేజీలను విడదీసే గీతలు రెండు రకాలు. మెయిన్, కాంట్రిబ్, నాన్-ఫ్రీ లైసెన్సును బట్టి. రిక్వైర్డ్, ఇంపార్టెంట్, స్టాండర్డ్, ఆప్షనల్ అవసరాన్ని బట్టి. లిబ్రెఆఫీస్ తీసేస్తానంటే ‘వై’ కొడితే చాలు. బాష్ షెల్ జోలికి వెళ్తే మాత్రం ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ ఒప్పుకోదు. పాత వెర్షన్లు ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యాన్ని పూర్తిగా టైపు చేయించుకునేవి. ఇప్పుడు ప్రత్యేకంగా ఆప్షన్ ఇస్తే తప్ప కదలదు.

జూన్ 9
ఇలాంటి గీత మరో లైనక్స్ ఫెడోరాలోనూ ఉండేది. దాని తొలి ఆరు వెర్షన్ల పేరు ఫెడోరా కోర్. కోర్ పని రెడ్ హ్యాట్ కంపెనీ ఉద్యోగులది, ఎక్స్‌ట్రాస్ అనే విభాగం పని బయటి వలంటీర్లది. ఎక్స్‌ట్రాస్‌లో ఎంత మంచి లైబ్రరీ ఉన్నా కోర్ ప్యాకేజీ దానిమీద ఆధారపడటానికి వీల్లేదు. 2007 మేలో ఫెడోరా 7తో రెండూ కలిసిపోయాయి, పేరులోంచి ‘కోర్’ పోయింది. పని చేతనైనవాళ్లు గీతకు అవతల కూడా ఉన్నారని ఒప్పుకోవడమే అది. మంచి పని చేశారు.

జూన్ 12
ఉబుంటు సర్వర్ మీద ఏం పెట్టాలన్నా ముందు అది మెయినా, యూనివర్సా అని చూస్తాను. మెయిన్‌కు భరోసా కెనానికల్ కంపెనీది. ఎల్‌టీఎస్ అయితే 5 ఏళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. యూనివర్స్‌ను ప్రధానంగా చూసుకునేది వలంటీర్లు. రేపు లోపం బయటపడితే ప్యాచ్ ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. ఈ విభజనలన్నిట్లో నేను వెతికేది ఆ జవాబే.

జూన్ 14
పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో ఉంటాయి. ప్రయారిటీ: ఆప్షనల్. సరైనదే, తెలుగు అక్షరం లేకపోయినా మెషీన్ బూటవుతుంది. అయితే ఆప్షనల్ ప్యాకేజీ బతికేది వాడేవాళ్ల పట్టుదల మీదే. ఒత్తు పక్కకు జరిగి కనిపిస్తే ఆ సంగతి తెలుగు చదవని మెయింటెయినర్‌కు ఎప్పటికీ తెలియదు. బగ్ రిపోర్ట్ రాయాల్సింది మనమే.