పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటున్నాయా?

ప్రభుత్వాసుపత్రుల్లో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. వంకర తిరిగిన వేళ్లు చూపించి, "వయసు వాతమే కదండీ డాక్టరుగారూ" అనే స్త్రీలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. రుమటాయిడ్ కీళ్లవాతం వయసు వల్ల వచ్చేది కాదు. మన రక్షణశక్తే మన కీళ్లపై తిరగబడటం.

ఎందుకలా? మన మాంసకృత్తుల్లో ఆర్జినిన్ అనే భాగం ఉంటుంది. ఒక ఎంజైము దాన్ని సిట్రులిన్‌గా మారుస్తుంది. మితంగా జరిగితే మామూలే. పొగతాగేవారి ఊపిరితిత్తుల్లో, చీముపట్టిన చిగుళ్లలో ఈ మార్పు ఎక్కువవుతుంది. వంశలక్షణం కూడా తోడైతే, శరీరం ఆ మారిన మాంసకృత్తులను పరాయివనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. నొప్పికి కొన్నేళ్ల ముందే ఇవి రక్తంలో కనిపించవచ్చు. వీటిని పట్టిచ్చేదే 'యాంటీ సి.సి.పి.' పరీక్ష. అయితే పరీక్షలో కనబడనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు.

సిట్రులిన్ మొదట దొరికింది పుచ్చకాయలో. అలాగని పుచ్చకాయ మానక్కర్లేదు. మానవలసింది చుట్ట, బీడీ, సిగరెట్టు. చిగుళ్లకు వైద్యం చేయించుకోండి.

వేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే గంటసేపు బిగుసుకుంటుంటే తైలాలతో నెలలు గడపకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. తొందరగా మందులు మొదలుపెడితే వేళ్లు వంకరపోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు.