బోరుకొచ్చిన బండి

అంబాసిడర్ కారులో హారన్ తప్ప అన్నీ మోగుతాయని ఒక పాత జోకు. మా బాబాయి టాక్సీ విషయంలో నవ్వేంత ధైర్యం మాకుండేది కాదు. నాన్న పోయాక నా కాలేజీ ఫీజూ, ఇంట్లో బియ్యమూ అందులోంచే రావాలి మరి! 1994 నాటికి అది శ్రీశైలం ఘాటులో సెకండ్ గేరుకి కూడా లొంగక, వెనక నీలంపొగ వదిలేది.

ఇంజన్ బోరుకొచ్చింది. సిలిండర్లు అరిగి, ఆయిలు పైకెక్కి పెట్రోలుతోపాటు కాలిపోతోందన్నమాట. విజయవాడ ఆటోనగర్లో మేస్త్రీ రెండు దార్లు చెప్పాడు. బోరు పెంచి ఓవర్‌సైజు పిస్టన్లు వేయడం ఒకటి. లేదా, 1990లలో కొత్త అంబాసిడర్లకు వచ్చిన 1817 సి.సి. ఇసుజు ఇంజన్ని, ఐదు గేర్ల పెట్టెతో సహా దించడం.

"బోరు పెంచితే బలం పెరుగుద్దిగా మేస్త్రీ?" అన్నాడు బాబాయి.

నేను కాగితం తీశాను. (మ్యాథ్స్ స్టూడెంటుని కదండీ!) 73 మిల్లీమీటర్ల బోరు ఒక మిల్లీమీటరు పెరిగితే 1489 సి.సి. కాస్తా 1530 అవుతుంది. నూటికి మూడు కూడా కాదు. రీబోరు పోయిన బలాన్ని తిరిగి ఇస్తుందేగాని, లేనిదాన్ని తేదు.

"ఇసుజే వేయిద్దాం బాబాయ్."

"ఇంజనొక్కటేనట్రా? మౌంటింగులు, రేడియేటరు, ఆర్.సి. బుక్కులో నంబరు... ఆ డబ్బుంటే నీ ఫీజు కట్టనూ?"

బోరే చేయించాం. వాల్వులు గ్రైండు చేయించి, మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై స్పీడు దాటనివ్వలేదు. లారీలవాళ్ళు హారను కొట్టి కొట్టి దాటిపోయారు. ఆ వేసంగిలో ఐదుగురితో శ్రీశైలం ఘాటు సెకండ్ గేరులోనే ఎక్కింది. పొగ లేదు. పైన బండాపి, బాబాయి ఆయిలు పుల్ల తీసి చూసి, "కాలేజీ ఎప్పుడు తెరుస్తార్రా?" అన్నాడు.