ఆది జాకెట్టు, ఏడో నంబర్ ఐరన్

జాకెట్టు కుట్టించుకోవాలంటే మనలో ఎవరమైనా ఆది తీసుకెళ్తాం. బీరువాలో ఉన్న పదింటిలో భుజం దగ్గర ముడత పడనిది, చంక కింద పట్టెయ్యనిది ఏరి మరీ టైలర్ చేతికిస్తాం. "దీనికంటే అర అంగుళం లూజు, చేతులు కాస్త పొడుగు" అని నాలుగుసార్లు చెప్తాం. ఒక్క జాకెట్టుకే ఇంత హడావిడి చేసేవాళ్లం, లక్ష రూపాయలు దాటే గోల్ఫ్ సెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం షాపువాడు గోడకి ఆనించి పెట్టిందే ఇంటికి తెచ్చుకుంటాం. లేదంటే నాలాగా, మావారు కొత్తవి కొనుక్కున్నప్పుడు ఆయన పాతవి వారసత్వంగా పుచ్చుకుంటాం.

హైదరాబాద్‌లో ఆడవాళ్లు గోల్ఫ్ ఆడటం ఇప్పుడు వింతేం కాదు. గోల్కొండ కోటని ఆనుకుని నయా ఖిలాలో ఉన్న కోర్సుకి పొద్దున్నే వెళ్తే టోపీలు పెట్టుకుని, సన్‌స్క్రీన్ రాసుకుని మాలాంటివాళ్లు కనిపిస్తూనే ఉంటారు. టీ తాగేటప్పుడు పిల్లల పెళ్లిళ్లు, మోకాళ్ల నొప్పులు అయ్యాక తప్పకుండా వచ్చే టాపిక్ ఇంకొకటుంది. ఫిట్టింగ్ చేయించుకోవాలా, వద్దా? అంటే డబ్బులిచ్చి, కొలతలు ఇచ్చి, మన ఒంటికి తగ్గట్టు స్టిక్కులు చేయించుకోవడం. ఒకరు "అదంతా షాపులవాళ్ల మాయ. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అంటారు. ఇంకొకరు "నాకు ఇరవై గజాలు పెరిగింది, తెలుసా" అంటారు. ఏళ్ల తరబడి ఈ రెండు మాటలూ విన్నాక నాకేమనిపించిందంటే, మద్దెల నిజంగానే ఓటిది కావచ్చు. కానీ ఆ ఇరవై గజాల్ని మాత్రం నమ్మకూడదు.

ముందు మద్దెల సంగతి.

షాపులో దొరికే మగవాళ్ల స్టిక్కులు సుమారు 5 అడుగుల 9, 10 అంగుళాల మనిషిని మనసులో పెట్టుకుని చేసేవి. ఏడో నంబర్ ఐరన్ పొడవు దాదాపు 37 అంగుళాలు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. పొడుగు స్టిక్ పట్టుకుంటే నేను చేసేది రెండే పనులు. బంతికి దూరంగా జరిగి నిలబడటం, లేదా చేతులు పైకి లేపి మణికట్టు విరిచి పట్టుకోవడం. రెండిట్లో ఏది చేసినా స్టిక్ తల నేలమీద సరిగా కూర్చోదు. షాఫ్ట్ అతుక్కున్న మడమ భాగం నేలకి ఆని, అవతలి కొస గాల్లోకి లేస్తుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి అలా కొస లేచిందంటే స్టిక్ ముఖం ఎడమవైపు చూస్తున్నట్టే. ఎంత చక్కగా కొట్టినా బంతి ఎడమకే పోతుంది. కొస నేలకి దిగి మడమ లేస్తే కుడికి పోతుంది. ఆ వాలునే లై యాంగిల్ అంటారు. ఇందులో మన ఆట గొప్పదనం, లోపం ఏమీ లేవు. ఉత్త జామెట్రీ.

మరి మనం ఏం చేస్తాం? బంతి ఎడమకి పోతోందని కుడివైపు గురిపెడతాం. నాలుగో హోల్‌లో నేను జెండాని కాకుండా దాని పక్కనున్న చెట్టునే చూసి కొట్టేదాన్ని. కోచ్‌లు "భుజాలు ముందే తిరిగిపోతున్నాయి మేడం" అని భుజాల్ని సరిచేస్తారు. భుజాలు కుదిరాక ఇంకేదో చెడుతుంది. స్టిక్ చేసే పనికి ఒళ్లు పరిహారం చెల్లిస్తూ పోతుంది. నా విషయంలో ఆ పరిహారం ఎడమ మణికట్టు కట్టింది. పద్దెనిమిది హోల్స్ ఆడి ఇంటికొస్తే చెయ్యి వాచేది. కుక్కర్ మూత తియ్యాలన్నా ఎవరినో పిలవాలి. ఆట మానేద్దామా అన్నదాకా వచ్చింది. యాభై దాటాక మొదలుపెట్టి, మనకంటూ దొరికిన ఒకే ఒక్క సరదా అది. మానెయ్యడం చెప్పినంత తేలిక కాదు.

మొదట ఫిట్టింగ్ చేసింది నిజానికి మా క్యాడీ. ఇరవై ఏళ్లుగా ఎవరెవరి సంచులో మోస్తున్న మనిషి. ఒకరోజు మార్కర్ పెన్ తీసుకుని బంతిమీద నిలువుగా లావుపాటి గీత గీశాడు. గీత స్టిక్ వైపు ఉండేలా పెట్టి, "కొట్టండి మేడం" అన్నాడు. కొట్టాక స్టిక్ ముఖం చూస్తే గీత అచ్చు పడింది. నిటారుగా లేదు, ఒరిగిపోయి ఉంది. "స్టిక్ మీది కాదు" అన్నాడు. ఖర్చు పది రూపాయల పెన్ను. మీరూ చేసి చూడొచ్చు. అచ్చు నిటారుగా పడితే మీ స్టిక్ వాలు మీకు సరిపోయిందన్నమాట. ఆ పూటకి వంద బంతులు హాయిగా కొట్టుకుని ఇంటికెళ్లిపోవచ్చు.

ఈ వాలు గొడవని మొదట్లోనే సీరియస్‌గా పట్టించుకున్నవాళ్లలో కార్‌స్టన్ సోల్‌హైమ్ ఒకాయన. నార్వేలో పుట్టి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా చేస్తూ 1959లో ఇంటి గ్యారేజీలో పుట్టర్ తయారుచేశాడు. బంతి తగిలితే వచ్చిన చప్పుడే కంపెనీ పేరైంది, పింగ్. ఆ కంపెనీ 1970లలో ఐరన్ల తలమీద రంగు చుక్కలు పెట్టడం మొదలెట్టింది. నల్లచుక్క అంటే స్టాండర్డ్, ఎర్రచుక్క కాస్త వాలిన స్టిక్, నీలం కాస్త నిటారైనది. మీ చుక్క ఏదో తెలియడానికి కావలసిన కొలతలు రెండే. మీ ఎత్తు, మణికట్టు నుంచి నేలకి ఉన్న దూరం. ఒక్క ఎత్తు చాలదు. మా ఫ్రెండ్ నాకంటే మూడంగుళాలు పొడుగు, కానీ చేతులు కూడా పొడుగే. మణికట్టు నుంచి నేలకి కొలిస్తే ఇద్దరికీ దాదాపు ఒకటే వచ్చింది. టేపు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఇదీ ఉచితమే.

"లేడీస్ సెట్ కొనుక్కోవచ్చుగా?" అని మీరు అడగబోతున్నారని తెలుసు. అవి సాధారణంగా ఒక అంగుళం పొట్టిగా ఉంటాయి, నిజమే. కానీ ఆడవాళ్లంటే మెల్లగానే ఊపుతారని నిర్ణయించేసి మరీ మెత్తటి షాఫ్టులు బిగిస్తారు. స్కూల్లో త్రోబాల్ ఆడిన చేతులకి అవి తడిసిన వెదురుబద్దలా ఊగుతాయి. పైగా ఆ గులాబీ రంగు! ఎవరు అడిగారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇక ఇరవై గజాల సంగతి. ఇక్కడే జేబు జాగ్రత్తగా పట్టుకోవాలి.

ఫిట్టింగ్ గదిలోకి వెళ్తే ముందు తెర, పక్కన రాడార్‌తోనో కెమెరాతోనో బంతిని కొలిచే మెషిన్ ఉంటాయి. మనం కొట్టగానే వేగం, ఎంత ఎత్తులో లేచింది, ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత దూరం పోయింది, అన్నీ తెరమీదకి వచ్చేస్తాయి. చూస్తుంటే భలే ముచ్చటగా ఉంటుంది. నేను నా పాత ఏడో నంబర్ ఐరన్‌ని వెంట తీసుకెళ్లాను. అదే నా ఆది. దాంతో పది బంతులు కొడితే సగటున 95 గజాలు వచ్చింది. ఆ అబ్బాయి కొత్త మోడల్ ఏడో నంబర్ ఇచ్చాడు. 107 గజాలు. "చూశారా ఆంటీ, పన్నెండు గజాలు!" అన్నాడు. సంతోషంగా ఉండదూ మరి!

అయితే నంబర్ ఒకటే అయినంత మాత్రాన స్టిక్ ఒకటే కాదు. స్టిక్ ముఖం వెనక్కి ఎంత వాలి ఉందో చెప్పేది లాఫ్ట్. అది తగ్గితే బంతి తక్కువ లేచి ఎక్కువ దూరం పోతుంది. ఒకప్పుడు ఏడో నంబర్ ఐరన్ లాఫ్ట్ 34 నుంచి 36 డిగ్రీలు. ఇప్పుడు మాలాంటి మామూలు ఆటగాళ్లకి అమ్మే సెట్లలో అదే నంబర్ 30కి దగ్గర్లో, కొన్నిట్లో అంతకంటే తక్కువ కూడా ఉంటుంది. ఐరన్‌కీ ఐరన్‌కీ మధ్య తేడా సుమారు 4 డిగ్రీలు కాబట్టి, వెనకటి ఆరో నంబర్‌కి ఏడు అని అచ్చు వేసి అమ్ముతున్నట్టే లెక్క. నా పాతది 34 డిగ్రీలు. అతను ఇచ్చింది 29న్నర. "బాబూ, ఇదే మోడల్‌లో ఎనిమిదో నంబర్ ఇవ్వు" అన్నాను. దాని లాఫ్ట్ 34. పది బంతులు కొట్టాను. 97 గజాలు.

లక్ష రూపాయలకి రెండు గజాలు.

ఆ అబ్బాయిని తప్పు పట్టడం లేదు. కొత్త తలలకి నిజంగానే కొన్ని సుగుణాలున్నాయి. బంతి మధ్యలో తగలకపోయినా మరీ అన్యాయం చెయ్యవు. లాఫ్ట్ తగ్గినా బంతి లేచేలా బరువుని అడుక్కి దింపుతారు. కానీ సెట్ కొన్నాక ఇంకో ఖర్చు కాచుకుని ఉంటుంది. ఐరన్లన్నిటి లాఫ్ట్ తగ్గించుకుంటూ వచ్చాక పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మన సంచిలో శాండ్ వెడ్జ్ 56. మధ్యలో పన్నెండు డిగ్రీల గొయ్యి. ఆ గొయ్యి పూడ్చడానికి ఇంకో వెడ్జ్ కొనాలి.

గది గురించి ఇంకో మాట. అక్కడ కొట్టేది చాపమీద. పచ్చికలో బంతికి వెనక నేలని కొడితే స్టిక్ మట్టిలో దిగబడి బంతి పది అడుగులు పోతుంది. చాపమీద అదే దెబ్బకి స్టిక్ జారి, బంతికి తగిలి, తెరమీద మంచి నంబరే చూపిస్తుంది. యాభై, అరవై బంతులు దాటాక మన ఒళ్లు అలిసిపోతుంది కూడా. చివర్లో ఇచ్చిన స్టిక్ బాగాలేదంటే బాగాలేనిది స్టిక్కో, మనమో చెప్పలేం. అందుకే మధ్యమధ్యలో మళ్లీ మన పాతది తీసుకుని నాలుగు కొట్టి చూసుకోవాలి. దాని లెక్క పడిపోయిందంటే ఆ రోజుకి దుకాణం కట్టెయ్యాల్సిందే.

షాఫ్టుల గురించి ఎక్కువ చెప్పను. రెగ్యులర్, స్టిఫ్ అని రాస్తారుగానీ ఎంత గట్టిగా ఉంటే స్టిఫ్ అనాలో కంపెనీలన్నిటికీ కలిపి ఒక కొలమానం లేదు. ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్‌తో సమానం కావచ్చు. అక్షరాన్ని చూసి వేలకి వేలు పెట్టకండి.

మా కోర్సులో ఒక పెద్దాయన ఉన్నారు. ఫిట్టింగ్ మాట ఎత్తితే చాలు, "అలీ షేర్ ఎవరిచేత కొలిపించుకున్నాడమ్మా?" అంటారు. బలమైన ప్రశ్నే. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, 1993లో మళ్లీ గెలిచాడు. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి కోల్‌కతాలో గోల్ఫ్ మైదానం చూసుకునే ఉద్యోగి. ఆ కుర్రాడు తనంతట తను నేర్చుకుని 2016, 2017లలో వరసగా ఇండియన్ ఓపెన్ కొట్టాడు. వీళ్లెవరూ చిన్నప్పుడు మణికట్టు కొలిపించుకుని ఉండరు. ఒప్పుకుంటాను. కానీ పదేళ్ల పిల్లవాడు రోజంతా అక్కడే ఉండి, చేతికి ఏ స్టిక్ దొరికితే దానికి తగ్గట్టు ఒంటిని మలుచుకోగలడు. వారానికి రెండు పొద్దులు, అవీ మనవరాలికి జ్వరం రాకపోతే, ఆడే మనిషికి అంత టైమెక్కడిది? ఒళ్లు వంగనప్పుడు స్టిక్కే వంగాలి.

ఒళ్లు అందరికీ ఒకలా ఉండదన్నది పెద్ద ఆటగాళ్లలోనూ కనిపిస్తుంది. అమెరికాలో తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2023లో కాలిఫోర్నియాలోని నాపాలో తొలి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. అతనికి వెన్నెముక పక్కకి ఒంగే స్కోలియోసిస్ ఉంది. స్వింగ్ పుస్తకాల్లో బొమ్మలా ఉండదు. దాన్ని చెరిపి ఇంకొకరిలా మార్చుకోకుండానే గెలిచాడు.

ఇంతకీ నేను కొత్త సెట్ కొనలేదు. ఫిట్టింగ్ ఫీజు ఇచ్చి, నా కొలతలు కాగితంమీద రాయించుకుని వచ్చేశాను. మావారి పాత ఐరన్లనే ఒక్కో అంగుళం కోయించాను. అంగుళం కోస్తే స్టిక్ తల చేతికి తేలిగ్గా అనిపిస్తుంది కాబట్టి వెనకవైపు సీసం పట్టీ అంటించారు. పొడవు తగ్గడంతో వాలు కొంత సర్దుకుంది. మిగిలిన ఒక డిగ్రీని మెషిన్‌లో బిగించి వంచారు. అవి ఫోర్జ్‌డ్ ఐరన్లు కావడం కలిసొచ్చింది. పోతపోసిన తలలైతే వంచడం కష్టం, విరిగే ప్రమాదమూ ఉంది. గ్రిప్పులు మాత్రం నా చేతికి సరిపడేవి కొత్తవి వేయించాను. మొత్తం కలిపి కొత్త సెట్ ధరలో పదో వంతు కూడా కాలేదు. ఎందుకు కోయించడం, కిందికి పట్టుకుంటే సరిపోదా అనొచ్చు. పట్టుకోవచ్చు. కానీ గ్రిప్ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, పిడికిలి ఇంకా బిగించాల్సి వస్తుంది.

నా బంతి దూరం ఒక్క గజం కూడా పెరగలేదు. ఇప్పుడు జెండాని చూసి కొడుతున్నాను, బంతి దాదాపు అటే వెళ్తోంది. వెళ్లకపోతే అది నా పనే అని తెలుస్తోంది, కోచ్‌కీ తెలుస్తోంది. మణికట్టు వాపు తగ్గింది. దానికి స్టిక్కే కారణమని ఒట్టేసి చెప్పలేను, ఎందుకంటే అదే సమయంలో డాక్టర్ చెప్పిన వ్యాయామాలు కూడా మొదలుపెట్టాను. కుక్కర్ మూత మాత్రం నేనే తీసుకుంటున్నాను.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు "ముందు ఆట రానీ, తర్వాత చూద్దాం" అంటుంటారు. పొడవు, వాలు, గ్రిప్ లావు ఈ మూడిటికీ ఆ మాట వర్తించదు. ఎన్ని పాఠాలు నేర్చుకున్నా మీ చేతులు పొడుగవ్వవు. అవి మొదటి నెలలోనే చూపించుకోండి, సెకండ్‌హ్యాండ్ సెట్ అయినా సరే. షాఫ్టులు, బంతి చుట్లు, ఖరీదైన తలలు, ఇవి స్వింగ్ కుదిరాక చూసుకోవచ్చు. అప్పటిదాకా ఆగితే డబ్బు ఎక్కడికీ పోదు.

డ్రైవర్ సంగతి నేనింకా తేల్చలేదు. అదీ మావారిదే. సంచిలోంచి తీస్తే నా చంక దాకా వస్తుంది. దాన్ని కోయించడానికి మాత్రం ఆయన ససేమిరా అంటున్నారు. అది ఆయన కొన్న మొదటి డ్రైవరట.