అవ్వ చెప్పిన పిట్ట పేరు

మన్యంలో వలిసెలు పూసే నాటికి మా చెట్ల మీదికి ఒక చిన్న పిట్ట చేరుతుంది. పచ్చదనం కలిసిన బూడిద రంగు, కంటి మీద లేత గీత. బరువు సుమారు 8 గ్రాములు, అంటే రెండు రూపాయి బిళ్లలంత. హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాన ఉన్న అడవుల నుంచి వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. చలికాలమంతా ఇక్కడ పురుగులు ఏరుకు తిని, ఎండలు ముదిరితే తిరిగిపోతుంది.

ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త మన తూర్పు కనుమల్లోనే ఈ పిట్టను గమనించి 1981లో వ్యాసం ప్రచురించారు. చలికాలంలో ఒక్కో పిట్ట కొన్ని చెట్లను తనవిగా చేసుకుంటుంది. ఇంకో పిట్టను అక్కడికి రానీయదు. ఈ సంగతి చెబితే మా బడి పిల్లలు ఆశ్చర్యపోలేదు. "చింతచెట్టు మీదది రోజూ అక్కడే అరుస్తాది సార్" అన్నారు.

దాన్ని ఫొటో తీయడం కష్టం. ఆకుల్లో ఒక్కచోట నిలవదు. దాని వెంట పరుగెత్తకుండా, ఎండ మన వీపు మీద పడేలా నిలబడి, దాని చెట్టు దగ్గరే ఆగాలి. బైనాక్యులర్‌కు ఫోన్ ఆనించి తీస్తే కొంత దగ్గరగా కనిపిస్తుంది. ఫొటో రాకపోతే గొంతు రికార్డు చేయాలి. దీన్ని పోలిన పిట్టలు ఇంకా ఉన్నాయి, అరుపును బట్టే తేడా తెలుస్తుంది. ఆ రికార్డు వినిపించి పిట్టను పిలవకూడదు. తన చోటికి ఇంకొకటి వచ్చిందనుకుని తిండి మాని వెతుకుతుంది.

అలికిడి లేకుండా నడవడం, అరుపు విని కొమ్మను పోల్చడం ఉండేలు పట్టే పిల్లలకు ముందే వచ్చు. వాళ్లను తిట్టి లాభం లేదు. మేము ఫోన్ ముందు వాళ్ల చేతికే ఇస్తున్నాం.

ఫొటో తీశాక పిల్లలు దాన్ని ఇంట్లో అవ్వలకు చూపించి, ఇంటి భాషలో పేరు రాసుకువస్తారు. ఇంగ్లీషు పేరు ఫోన్‌లో దొరుకుతుంది. అవ్వ పిలిచే పేరు అవ్వ దగ్గరే ఉంది. పొన్నంకి పిట్ట కూడా వలస పిట్టే. ఆ 'పిట్ట' అన్న తెలుగు మాటనే 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ రకం పక్షులకు శాస్త్రీయ నామంగా పెట్టారు. పల్లె మాట ప్రపంచమంతా తిరిగింది. మన కువి, కోయ, సవర పేర్లు కనీసం మన బడి గోడ మీదికైనా ఎక్కాలి.

పిట్ట ఏటా వస్తుంది. పేరు తెలిసిన పెద్దలు ఏటికేడు తగ్గుతున్నారు. ఈ చలికాలంలో ప్రతి బడిలోనూ ఒక నోటుపుస్తకం పెడదాం. తేదీ, చెట్టు, పిట్ట పేరు, చెప్పినవాళ్ల పేరు రాయిద్దాం.