ద్రాక్షతొక్క చెప్పు నీతి

మా రాయపురమునకు వచ్చు నల్లద్రాక్షలలో కంబం లోయ పన్నీరు ద్రాక్ష పేరెన్నికగన్నది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. దానితో ద్రాక్షసారాయు చేయుదురు.

ఎండ మెండైన యేట పండులో తీపి పెరిగి పులుపు తగ్గును. కోతవేళ వాన కురిసినచో రసము పలుచనగును. కనుకనే ఎఱ్ఱసారా రుచి యేటికేడు మారును. తోట యిచ్చినదానిని నిలుపుటయో, చెఱచుటయో చేయువాని చేతిలో నున్నది. నల్లద్రాక్షలలో పెక్కింటి రసమునకు రంగే లేదు! ఎఱుపును వగరును తొక్కలవే. పులియునపుడు తొక్కలను రసములో నెన్నాళ్లుంచవలెనో అతడే నిర్ణయించును. తొందరపడి తీసినచో రంగు వెలవెలబోవును, మితిమీరినచో వగరెక్కును.

తమిళసీమలో స్థిరపడిన మన పిల్లలకు తెలుగు పట్టుటయు నిట్టిదే. నేల యేదైనను సరే, అవ్వతాతల మాటలలో వారు నానవలసిన దినములను తగ్గింపరాదని మా మనవి.